కీర్తిప్రియ గారి మూడో చరణం

మా వైపు ఒక మనిషిని మెచ్చుకుంటూ రాయాలంటే, ఆ మనిషి ముందు కాలం చెయ్యాలి. అది పద్ధతి. కీర్తిప్రియ గారు నిక్షేపంగా ఉన్నారు. ఈ ఉదయం కూడా స్కూటీ ముందు మందు డబ్బా పెట్టుకుని, మైలవరం రోడ్డులో ఎదురొచ్చిన ట్రాక్టరుతో దారి విషయమై తగువు పడుతూ కనిపించారు. కాబట్టి ఈ రచన పద్ధతికి కాస్త విరుద్ధమే.

ఆవిడ వయసు నలభైకి ఇవతల, గొంతు నలభైకి అవతల. తండ్రి పోయాక మామిడి తోట ఆవిడ చేతికొచ్చింది. మా దగ్గర ఆడవాళ్ల పేరు మీద తోటలుండటం వింత కాదు. ఆడవాళ్లు ఆ తోటల్లో ఉండటమే వింత. పూత రాగానే తోటను వ్యాపారికి గుత్తకిచ్చేసి, కాయలు దిగేదాకా రాజకీయాలు మాట్లాడుకోవడం ఇక్కడి రైతు ధర్మం. కీర్తిప్రియ గారు ఆ ధర్మాన్ని తప్పారు. తానే మందు కొట్టించి, తానే కాయ కోయించి, తానే షెడ్డులో ఏరించి, తానే లారీ ఎక్కిస్తారు. మొదటి ఏడాది ఊళ్లో పెద్దలంతా "చూద్దాం" అన్నారు. మా ఊళ్లో "చూద్దాం" అంటే చెడిపోయాక వచ్చి చూద్దామని. ఇప్పటికీ చూస్తూనే ఉన్నారు, పాపం.

ఆవిడ పాడతారు కూడా. సంగీతం రాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, సంగీతానికీ తెలుసు. ఇద్దరూ ఒకరి జోలికి ఒకరు పోరు. షెడ్డులో రసాలను ఓ పక్కకీ, బంగినపల్లిని ఓ పక్కకీ వేరు చేయిస్తూ, నోటికొచ్చిన మాటలకు నోటికొచ్చిన బాణీ కట్టి పాడుకుంటారు. ఆ బాణీ జానపదమూ కాదు, సినిమాదీ కాదు. కూలికొచ్చే ఆడవాళ్లు మొదట్లో నవ్వేవారు. తరవాత, ఆవిడ పాడని రోజున "అమ్మగారికి ఒంట్లో బాగా లేదా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఇక ఆవిడ పెళ్లి. రవిచంద్రది జి. కొండూరు. విజయవాడలో ఇన్సూరెన్సు ఉద్యోగం. మనిషి ఎంత మంచివాడంటే, బస్సులో తన కాలు తొక్కినవాడికి తానే సారీ చెబుతాడు. ఆ దంపతులు ఏనాడూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకునేంత పరిచయం కుదరలేదు. ఆయన శని, ఆదివారాలు వచ్చేవాడు. తోటకు శని, ఆదివారాలు లేవు. చలికాలంలో పూత, ఆ వెంటనే పిందె, వేసవంతా కోత, వానలు పడ్డాక కొమ్మలు కత్తిరించడం. మధ్యలో ఖాళీ దొరికితే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, కాఫీ తాగి, "ఇంకేంటండీ" అనుకునేవారు. కొన్నేళ్లకు ఆ "ఇంకేంటండీ"కి ఇద్దరిలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. విడిపోదామనుకున్నారు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి తీసుకున్న మొదటి నిర్ణయం అదే.

ఇష్టపడి విడిపోయేవాళ్లను తప్పెవరిదని కోర్టు అడగదు. పెద్దమనుషులు అడుగుతారు. కోర్టుకు వెళ్లేముందు పెద్దల్లో కూర్చోవడం మా దగ్గర రివాజు. కూర్చున్నాక తప్పెవరిదో తేలనిదే లేవకపోవడం అంతకన్నా పెద్ద రివాజు. తేలాక దండించేదేమీ ఉండదు. ఇళ్లకు వెళ్లాక ఆడవాళ్లు "ఏం తేలింది?" అని అడుగుతారు కదా, వాళ్లకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలి.

కీర్తిప్రియ గారి ఇంటి వసారాలో ఆ పూట పెద్దరికం భానుమూర్తి మాస్టారిది. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైనా, ఎదుట కూర్చున్నవాళ్లంతా ఆయనకింకా పదో తరగతి 'బి' సెక్షనే.

"తాగుతాడా అమ్మా?" అని మొదలుపెట్టారు.

"లేదండి."

"చెయ్యి చేసుకున్నాడా?"

"అయ్యో, లేదండి. చీమ అడ్డొస్తే ఆగి, అది వెళ్లాక నడుస్తారు."

"పోనీ, బయట చూపులూ అవీ..." మాస్టారు గొంతు తగ్గించారు, పక్క వీధికి మాత్రమే వినపడేలా.

"లేవండి."

మాస్టారు రవిచంద్ర వైపు తిరిగారు. "ఏవయ్యా, అమ్మాయి నిన్ను లెక్కచెయ్యలేదా?"

"చాలా గౌరవించారండి."

"వంట?"

"బాగుంటుందండి."

"మరేం రోగం మీకు?"

ఇద్దరూ తల వంచుకున్నారు. భోజనాల వేళ దాటిపోతోంది. లోపల్నుంచి పప్పుచారు తిరగమోత వాసన వచ్చి పెద్దల సహనాన్ని పరీక్షిస్తోంది. "తప్పు లేకుండా విడిపోనిస్తే, రేపు ఊళ్లో బాగున్నవాళ్లంతా విడిపోతారండీ," అని ఒకాయన సమాజం గురించి బెంగపడ్డాడు.

అప్పుడు రవిచంద్ర గొంతు సవరించుకుని, "నాదే తప్పు అనుకోండి," అన్నాడు.

"ఏం తప్పు?"

"అదేనండీ... నాదే. వదిలెయ్యండి."

పెద్దల ముఖాలు విప్పారాయి. కీర్తిప్రియ గారు ఏదో చెప్పడానికి నోరు తెరిచారు. పక్కనున్న తల్లి సుబ్బరత్నమ్మ మోచేత్తో డొక్కలో పొడిచింది. ఆవిడ నోరు మూసుకున్నారు. అందరూ భోజనాలకు లేచారు. పప్పుచారు బాగుందన్నారు.

తెలిసిన తప్పుతో ఊరికి నాలుగు రోజులకన్నా కాలక్షేపం జరగదు. తెలియని తప్పు అలా కాదు, తరగని గని. రవిచంద్ర ఒప్పుకున్న ఆ తప్పేమిటో ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకున్నారు. అతను బస్సెక్కి వెళ్లిపోయాడు. అతని పేరు మాత్రం ఇక్కడే ఉండి రోజుకో నింద మోసింది.

మరుసటి వేసవిలో కీర్తిప్రియ గారు షెడ్డులో ఒక కొత్త పాట ఎత్తుకున్నారు. మామిడి కాయను మొదలంటా విరిచేయకూడదు. బొటనవేలంత కాడ ఉంచి కొయ్యాలి. లేకపోతే సొన చిమ్మి, కాయ తోలును కాల్చి నల్లమచ్చ చేస్తుంది. షెడ్డుకొచ్చాక ఆ కాడ తుంచి, కాయను తలకిందులుగా పెట్టి సొన ఓడిపోనిస్తారు. మా పిల్లలకు ఇది అక్షరాలకన్నా ముందే వస్తుంది. ఆవిడ పాట ఆ పని మీద మొదలైంది:

*కాడ కాస్త ఉంచి కొయ్యి, కొమ్మకి గాయం కాకుండా*
*సొనను మెల్లగ ఓడనియ్యి, పండుకి మచ్చ పడకుండా*

మొదటి చరణం వచ్చేసరికి కాయలేరుతున్న ఆడవాళ్లకు సంగతి అర్థమైంది:

*నువ్వొచ్చే ఆదివారం నేను తోటలో ఉన్నాను*
*నేనొచ్చే చీకటి వేళకి నువ్వు బస్సులో ఉన్నావు*

రెండో చరణం కాఫీ గ్లాసుల గురించి. మూడోది వచ్చేసరికి ఎవరూ కాయ ముట్టుకోలేదు:

*మంచినీళ్లు ముందు నాకిచ్చి మిగిలినవే తాగినవాడా*
*తప్పు నాదని నువ్వంటుంటే తల వంచుకు కూర్చున్నానే*
*ఊరు నిన్ను అనే మాటల్లో సగం నావి, నాకిచ్చెయ్యి*

ఆ షెడ్డుకే ఆ వారం ప్రేమ్‌చంద్ కాయల ఫొటోలు తియ్యడానికి వచ్చాడు. అతనిది టౌన్లో పెళ్లి వీడియోల స్టూడియో. దాంతోపాటు యూట్యూబులో 'మామిడి మెలోడీస్' అనే చానలు. పాట విని కెమెరా పక్కన పెట్టేశాడు.

"అక్కా, ఇది లవ్ ఫెయిల్యూర్ సాంగ్ అక్కా! జనానికి పిచ్చెక్కిపోద్ది."

"ఫెయిల్యూరు కాదయ్యా. అయిపోయింది, అంతే."

"అయిపోవడం అనే కేటగిరీ లేదక్కా యూట్యూబులో."

రెండు రోజులు వెంటపడి ఆవిడ చేత పాడించి, గిటారు కలిపి, కింద మెత్తటి బీటు వేసి పాప్ పాటగా తీర్చిదిద్దాడు. నిజం చెప్పుకోవాలంటే ఆ పని బాగానే చేశాడు. ఆ బొంగురు గొంతును నున్నగా చెయ్యకుండా వదిలేశాడు. చెడగొట్టింది రెండు చోట్ల. మూడో చరణం తీసేశాడు. వీడియోలో గడ్డం పెంచిన ఒక కుర్రాణ్ణి పెట్టి, చేతికి సీసా ఇచ్చి, ఎవరి తోటలోనో చెట్టుకు ఆనించి కూర్చోబెట్టాడు. బొమ్మ మీద ఎర్రటి అక్షరాలు: 'మోసపోయిన నూజివీడు ఆడబిడ్డ గుండెకోత'.

కీర్తిప్రియ గారు చూసేసరికి పాట ఆటోల్లోకి, టీ బడ్డీల్లోకి, ఒక బారసాలలోకి కూడా వెళ్లిపోయింది. ఆవిడ స్కూటీ మీద స్టూడియోకు వెళ్లారు.

"మోసపోయానని నీకెవరు చెప్పారయ్యా?"

"ఎవరూ చెప్పలేదక్కా. కానీ ఎవరో ఒకళ్లు మోసం చెయ్యకపోతే జనం ఎందుకేడుస్తారు?"

"ఆ సీసా ఏంటి?"

"అందులో ఉంది కూల్‌డ్రింకే అక్కా, ప్రమాణపూర్తిగా."

"మూడో చరణం పెట్టు. ఆ బొమ్మ తీసెయ్యి."

"రేపు చేసేస్తానక్కా," అన్నాడు ప్రేమ్‌చంద్. అతని రేపులన్నీ అలాగే గడిచిపోయాయి.

ఏడాది తిరిగింది. కోతలు మొదలై, షెడ్డులో కాయ మీద కాయ పడుతున్న రోజుల్లో, హనుమాన్ జంక్షన్ నుంచి వీరయ్య అనే ఆయన కారు దిగాడు. లారీ స్పేరు పార్టుల కొట్టు. మనిషిని చూస్తే ఆ కొట్టులోనే విడిభాగాలు బిగించి తయారు చేశారేమో అనిపిస్తుంది. ఆయన కూతురు ప్రసన్న స్కూలు టీచరు. తండ్రి తరఫున లారీ ఇన్సూరెన్సు క్లెయిము పని మీద తిరుగుతూ ప్రసన్న, రవిచంద్ర ఒకరికొకరు తెలిసి, పెళ్లి చేసుకుందామనుకున్నారు. తాంబూలాలదాకా వచ్చింది. అంతలో కొట్టు ముందాగిన ఒక లారీలోంచి ఈ పాట వినిపించింది. "ఇది మీ కాబోయే అల్లుడి మీద కట్టిందేనండోయ్," అని డ్రైవరు సంతోషంగా చెప్పాడు.

"అతను తాగుతాడా అమ్మా?" వీరయ్య నిలబడే అడిగాడు.

"లేదండి. కూర్చోండి."

"వీడియోలో సీసా నేను చూశాను."

"ఆ అబ్బాయి వేరండి. నటుడు."

"సరే, అది బొమ్మనుకుందాం. పెద్దల్లో తప్పు తనదేనని ఒప్పుకున్నాడంట, అదీ బొమ్మేనా? అతన్నడిగితే 'నాదేనండి' అంటాడు. ఏంటయ్యా అంటే నేల చూస్తాడు. చెప్పుకోలేని తప్పంటే చిన్నదై ఉంటదా?"

"ఆయన ఏ తప్పూ చెయ్యలేదండి. భోజనాల వేళైపోతోందని అలా అనేశారు."

వీరయ్య అప్పుడు కూర్చున్నాడు. "మరి అప్పుడు నువ్వు కాదన్లేదేం?"

 దానికి ఆవిడ దగ్గరున్న జవాబంతా ప్రేమ్‌చంద్ తీసేసిన చరణంలో ఉంది.

"ఇప్పుడు నా చెవిలో చెబితే సరిపోదమ్మా. రేపు మా వాళ్లడిగితే నేనేం చెప్పాలి, మొదటి పెళ్లాం మంచోడని చెప్పిందనా? పెద్దల్లో పడ్డ తప్పు పెద్దల్లోనే పోవాలి. లేదా, ఈ సంబంధం లేదు. మా పిల్ల ఏడ్చినా లేదు."

కారు వెళ్లిపోగానే సుబ్బరత్నమ్మ అందుకుంది. "నీకెందుకే? విడిపోయినోడు పెళ్లి చేసుకుంటే నీకేంటి, మానేస్తే నీకేంటి?"

"నేను నోరు తెరవకపోబట్టే కదమ్మా ఇదంతా."

"ఇప్పుడు తెరిస్తే ఆ తప్పు వచ్చి నీ నెత్తిన కూర్చుంటది."

"కూర్చోనీ. రెండేళ్ల నుంచి ఆయన నెత్తి మీదేగా ఉంది, కాసేపు నేను మోస్తాను," అని ఆవిడ భానుమూర్తి మాస్టారికి ఫోను చేశారు.

మాస్టారు దిగ్భ్రాంతి చెందారు. కలపడానికి పంచాయితీ ఉంది, విడదీయడానికి ఉంది. విడిపోయాక మొగుణ్ణి మంచివాణ్ణి చెయ్యడానికి పంచాయితీ పెట్టించిన ఆడది జిల్లా చరిత్రలో లేదు. అయినా వస్తామన్నారు. కోత రోజుల్లో ఆవిడ షెడ్డు వదిలి రాలేరు గనక పెద్దలే షెడ్డుకొచ్చారు. కుర్చీలు చాలలేదు. సమాజపు మూలస్తంభాలు కొన్ని ప్లాస్టిక్ ట్రేలు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నాయి. వీరయ్య వచ్చాడు. రవిచంద్ర తల వంచుకుని వచ్చాడు. ప్రసన్న పిలవకుండానే వచ్చింది. కాయలేరే ఆడవాళ్లు మాత్రం రావలసిన పని లేదు, అక్కడే ఉన్నారు.

కీర్తిప్రియ గారు చేతికంటిన సొన గుడ్డకు తుడుచుకుని నిలబడ్డారు. వ్యాపారులను గడగడలాడించే మనిషి, ఇక్కడ రెండు మాటల దగ్గరే ఆగిపోయారు.  అప్పుడావిడ చేసిన పనికి పెద్దల్లో ఒకాయన ట్రే మీంచి జారబోయాడు. ఆవిడ పాడారు. గిటారు లేదు, బీటు లేదు. బయట లారీ రివర్సు పోతున్న చప్పుడొక్కటే తాళం. మంచినీళ్ల దగ్గర మొదలుపెట్టి, తల వంచుకు కూర్చోవడం దాటి, సగం మాటలు నాకిచ్చెయ్యమనేదాకా మూడో చరణం మొత్తం పాడారు.

పెద్దల ముందు మనుషులు ఏడ్చారు, తిట్టుకున్నారు, చెప్పులు కూడా తీశారు. తన మౌనాన్ని తానే బాణీ కట్టి అప్పజెప్పినవాళ్లు లేరు. ఊళ్లో తన మాటకున్న విలువనంతా ఆవిడ ఆ పూట షెడ్డులో గుమ్మరించేశారు. అదీ ఎవరి కోసం? ఇంకొకామెను పెళ్లాడబోయే మనిషి కోసం. మా వైపు చెట్లు ఏడాది విడిచి ఏడాది విరగకాస్తాయి. ఇలాంటి మనుషులు అంతకన్నా అరుదు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. తుడుచుకుని, అలవాటు కొద్దీ అన్నారు: "అంటే, తప్పు నీదన్నమాట."

"మాట్లాడకపోవడం నాదేనండి. విడిపోవడంలో ఎవరి తప్పూ లేదు."

"కాదండి, నాదే," అంటూ రవిచంద్ర లేచాడు.

"మీరు కూర్చోండి," అంది ప్రసన్న.

అతను కూర్చున్నాడు. అంత వేగంగా అతను ఏ పనీ చెయ్యడం మా ఊరు చూడలేదు.

వీరయ్య చేతులు తిప్పాడు. "ఇదేం గోలండీ! తప్పు ఒకటుంది, దానికి మనిషి లేడు. ఎవరిదో తేల్చండి, నేను కొట్టు తెరుచుకోవాలి."

పెద్దలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అప్పుడు, అంతదాకా మూల కూర్చుని కాయల మీద ఈగలు తోలుతున్న సుబ్బరత్నమ్మ తలెత్తకుండా అడిగింది: "అసలీ సంబంధం తెచ్చిందెవరండీ, మాస్టారూ?"

 తెచ్చింది మాస్టారే. రవిచంద్ర ఆయన శిష్యుడు. జాతకాలు చూపించిందీ, ముహూర్తం పెట్టించిందీ, పెళ్లిలో అందరికన్నా ముందు పంక్తిలో కూర్చుందీ ఆయనే.

మాస్టారు కండువా ఒకసారి తీసి మళ్లీ వేసుకున్నారు. "అవునమ్మా," అన్నారు. గొంతులో హెడ్మాస్టరు లేడు. "ఇద్దరూ మంచివాళ్లని చూశాను. ఇద్దరికీ ఏం కావాలో అడగలేదు. అడగాలని తట్టనే లేదు. తప్పు నాది. అలాగే చెప్పుకోండి."

వీరయ్య చేతులు దులుపుకున్నాడు. "మీదైతే మాకేం అభ్యంతరం లేదండి. మీతో వియ్యమందట్లేదు కదా," అని లేచి, కీర్తిప్రియ గారి ముందుకొచ్చి ఆగాడు. ఏదో అనబోయి, అలవాటు లేక, "కాయ బాగుందమ్మా ఈ ఏడు," అని కారు వైపు నడిచాడు.

పంచాయితీ అని విని వచ్చిన ప్రేమ్‌చంద్ అదంతా ఫోనులో పట్టాడు. ఈసారి ఏ బొమ్మా అంటించకుండా మూడో చరణం అలాగే పెట్టి, పాతది తీసేశాడు. సీసా ఉన్న పాటతో పోలిస్తే దీన్ని చూసినవాళ్లు పిడికెడు మంది. "చెప్పాగా అక్కా," అన్నాడు. ఆవిడ, "వినాల్సినవాళ్లు విన్నారులేవయ్యా," అన్నారు.

ఆ పూట పెద్దలు వెళ్లిపోయాక రవిచంద్ర షెడ్డు గడప దగ్గర ఆగాడు. "ఆ మాట మీరు చెప్పక్కర్లేదండి. నేనెప్పుడో మర్చిపోయాను."

"నేను మర్చిపోలేదండి," అన్నారు కీర్తిప్రియ గారు. ఆయన తలూపి కారు వైపు వెళ్లాడు.

ప్రసన్న వెళ్లలేదు. ఒక ట్రే లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోరుగా?"

"అడుగు."

"ఆ పాటలో ఇంకా చరణాలేమన్నా మిగిలున్నాయా?"

"లేవు. అయిపోయింది."

"మంచిది. ఇక మీదట ఆయన మీద పాట కట్టాల్సొస్తే నేను కట్టుకుంటా. మీకెందుకు శ్రమ?"

కీర్తిప్రియ గారు నవ్వారు. అది చిన్న నవ్వు కాదు. కాయలేరే ఆడవాళ్లంతా తల తిప్పి చూశారు. పక్క బుట్టలోంచి బాగా మాగిన రసం ఒకటి ఏరి, మెత్తగా పిసికి, ప్రసన్న చేతికిచ్చారు. "అయితే ఇది విను. ఆయనకు కోపం రాదు. అదే కష్టం. వచ్చేలా చెయ్యి, అప్పుడప్పుడు."

బయట వీరయ్య హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"వస్తున్నా నాన్నా," అంది ప్రసన్న, కదలకుండా, పండు ముచ్చిక కొరుకుతూ.